గగన సూత్రధారి విల్బర్ రైట్

పక్షివలె ఆకాశంలో విహరించాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. మన పురాణాలలో పుష్పక విమానం ఉంది. గ్రీకుల గాథలలో మైనపు రెక్కలు కట్టుకొని సూర్యుని సమీపించిన ఇకారస్ ఉన్నాడు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి నాటికి ఈ కోరిక కథల లోకాన్ని దాటి కార్ఖానాలలోకి ప్రవేశించింది. ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు, అమెరికా దేశాలలో ఎందరో మేధావులు రెక్కలు నిర్మించారు, వాటికి ఇంజన్లు బిగించారు. గాలిలోకి లేవడం ఎట్లా అన్నదే వారిలో చాలామందికి ముఖ్యమైన ప్రశ్న. లేచిన తరువాత ఆ యంత్రాన్ని అదుపులో ఉంచుకోవడం ఎట్లా అన్న ప్రశ్నను వారు తరువాతి సంగతిగా వదిలివేశారు. ఆ రెండవ ప్రశ్ననే మొదటి ప్రశ్నగా స్వీకరించినవాడు విల్బర్ రైట్. తమ్ముడు ఆర్విల్‌తో కలిసి అతడు సాధించిన విజయం లోకానికంతటికీ తెలుసు. అయితే ఆ విజయం ఇంజనులో కన్నా కొన్ని తీగలలో, కప్పీలలో, ఒక చెక్క ఊయలలో ఎక్కువగా దాగి ఉన్నదన్న విషయం అంతగా ప్రచారం పొందలేదు.

విల్బర్ 1867 ఏప్రిల్ 16వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్‌విల్ అనే పల్లె సమీపంలో జన్మించాడు. తండ్రి మిల్టన్ రైట్ క్రైస్తవ మతాచార్యుడు. ఉద్యోగ ధర్మం వల్ల ఆయన తరచు ఊళ్ళు తిరుగుతూ ఉండేవాడు. తల్లి సూసన్ బండ్లు తయారుచేసే కుటుంబంలో పుట్టింది. పనిముట్ల మధ్య పెరిగిన ఆమె పిల్లలకు ఆటవస్తువులను, ఇంటికి కావలసిన చిన్న చిన్న పరికరాలను స్వయంగా తయారుచేసేది. ఏదైనా వస్తువు విరిగితే పిల్లలు తండ్రి దగ్గరికి కాక తల్లి దగ్గరికే పరుగెత్తేవారు. విల్బర్‌కు రాక్లిన్, లోరిన్ అనే ఇద్దరు అన్నలు. 1871లో తమ్ముడు ఆర్విల్, 1874లో చెల్లెలు కేథరిన్ జన్మించారు.

1878లో ఒకనాడు తండ్రి ఊరినుండి వస్తూ పిల్లలకు ఒక బొమ్మను తెచ్చి ఇచ్చాడు. వెదురు, బెండు, కాగితం ఉపయోగించి చేసిన ఆ బొమ్మ మెలితిప్పిన రబ్బరు పట్టీ శక్తితో గాలిలోకి లేచేది. ఫ్రెంచి దేశీయుడైన అల్ఫోన్స్ పెనో కల్పించిన నమూనా అది. అన్నదమ్ములిద్దరూ దానికి గబ్బిలం అని పేరు పెట్టి, విరిగిపోయేవరకు ఆడుకొన్నారు. విరిగిన తరువాత తామే మరికొన్ని తయారుచేశారు. చిన్నవి చక్కగా ఎగిరాయి. పెద్దవి చేయగా చేయగా అవి సరిగా ఎగరడం మానివేశాయి. ఎందువల్లనో ఆ వయసులో వారికి బోధపడలేదు. ఆ ప్రశ్న మాత్రం మనస్సులో నిలిచిపోయింది.

విల్బర్ చదువులో చురుకైనవాడు, ఆటలలోనూ ముందుండేవాడు. పేరుపొందిన యేల్ విశ్వవిద్యాలయంలో చేరాలని అతని ఆశ. అప్పటికి ఆ కుటుంబం ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో స్థిరపడింది. 1885-86 చలికాలంలో మంచుమీద ఆడుతుండగా ఒక హాకీ కర్ర వచ్చి అతని ముఖానికి బలంగా తగిలింది. ముందు పళ్ళు ఊడిపోయాయి. గాయం మానినా మనస్సు మానలేదు. ఉత్సాహవంతుడైన యువకుడు నాలుగు గోడల మధ్య ఉండిపోయాడు. యేల్ ఆశ అడుగంటింది. అదే కాలంలో తల్లి క్షయవ్యాధితో మంచం పట్టింది. దాదాపు మూడేళ్ళపాటు విల్బర్ ఆమెకు సేవ చేస్తూ, ఇంట్లో ఉన్న తండ్రి గ్రంథాలయంలోని పుస్తకాలను చదువుతూ గడిపాడు. 1889 జూలై 4వ తేదీన తల్లి కన్నుమూసింది. కళాశాల గుమ్మం తొక్కని ఆ యువకుడికి ఉన్న విద్య ఆ ఇంటి పుస్తకాలు, ఆ తల్లినుండి అబ్బిన పనితనం మాత్రమే.

తరువాత అన్నదమ్ములు ముద్రణాలయం పెట్టారు. కొంతకాలం స్థానిక వార్తాపత్రికను నడిపారు. 1892లో సైకిళ్ళ దుకాణం తెరిచారు. ఆ రోజుల్లో అమెరికా అంతటా సైకిలు వ్యామోహం వ్యాపించి ఉన్నది. మొదట అమ్మకాలు, మరమ్మతులు చేసి, 1896 నుండి సొంతంగా సైకిళ్ళను తయారుచేయసాగారు. ఈ దుకాణం వారికి జీవనోపాధి మాత్రమే కాలేదు. సైకిలు తనంతట తాను నిలబడదు. తొక్కేవాడు క్షణక్షణం దానిని సరిచేసుకొంటూ పోతేనే నిలుస్తుంది. మలుపు తిరిగేటప్పుడు పక్కకు వాలితేనే తిరుగుతుంది. ఈ మామూలు సంగతి విమానాల గురించి ఆలోచించే పండితులకు తట్టలేదు. వారిలో చాలామంది పడవవలె తనంతట తాను నిలకడగా ఉండే యంత్రాన్ని కోరుకొన్నారు. సైకిళ్ళు బాగుచేసే వ్యక్తికి మాత్రం అటువంటి యంత్రం అవసరమని తోచలేదు.

1896లో జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంథాల్ గ్లైడరులో ఎగురుతూ పడిపోయి మరణించాడు. ఇంజను లేని రెక్కలతో వందలసార్లు గాలిలో తేలిన ధీరుడు అతడు. శరీరాన్ని అటూ ఇటూ ఊపి బరువును మార్చడం ద్వారానే అతడు గ్లైడరును అదుపుచేసేవాడు. గాలి ఒక్కసారిగా ఎదురుతిరిగినప్పుడు ఆ ఉపాయం చాలలేదు. అదే సంవత్సరం ఆర్విల్‌కు టైఫాయిడ్ జ్వరం వచ్చి ప్రాణాపాయ స్థితి ఏర్పడింది. తమ్ముని పక్కన కూర్చొని సేవ చేస్తున్న రోజులలో లిలియెంథాల్ మరణం విల్బర్‌ను ఆలోచింపజేసింది. ఆ ఆలోచన ముదిరి ముదిరి 1899 మే 30వ తేదీన ఒక ఉత్తరంగా రూపుదాల్చింది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు అతడు ఉత్తరం వ్రాసి, విమానయానం గురించి అంతవరకు వెలువడిన గ్రంథాల వివరాలు పంపవలసిందిగా కోరాడు. సంస్థవారు కొన్ని చిన్న పుస్తకాలను, మరికొన్ని గ్రంథాల జాబితాను పంపారు.

వాటిని చదివిన విల్బర్ ఒక నిర్ణయానికి వచ్చాడు. రెక్కలను గురించి కొంత తెలిసింది. ఇంజను ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. గాలిలో సమతుల్యాన్ని నిలుపుకొనే సాధనమే లేదు. పక్షులు ఈ పనిని ఎట్లా చేస్తున్నాయో అతడు గమనించాడు. గాలికి ఒక పక్కకు ఒరిగినప్పుడు పక్షి తన రెక్కల చివరలను ఒకదానిని ఒకవైపు, మరొకదానిని ఇంకొకవైపు మెలితిప్పి నిలదొక్కుకొంటున్నది. మరి చెక్కతో, గుడ్డతో చేసిన రెక్కను దాని బలం చెడకుండా మెలితిప్పడం ఎట్లా?

1899 వేసవిలో ఒకనాడు దుకాణానికి సైకిలు ట్యూబు కోసం ఒక వ్యక్తి వచ్చాడు. ట్యూబును తీసి ఇచ్చిన తరువాత ఖాళీ అట్టపెట్టె విల్బర్ చేతిలో మిగిలింది. మాటల మధ్య అతడు ఆ పొడవాటి పెట్టె రెండు కొసలను వేళ్ళతో పట్టుకొని ఎదురుబొదురుగా మెలితిప్పసాగాడు. పెట్టె పక్కలు నిటారుగా, గట్టిగానే ఉన్నాయి. పైతలం, కిందితలం మాత్రం మెలి తిరుగుతున్నాయి. ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు అమర్చి, వాటి మధ్య నిలువు కర్రలు నిలిపి, తీగలతో బిగిస్తే రెక్కలు కూడా ఈ పెట్టెవలెనే ప్రవర్తిస్తాయి కదా అని అతనికి తోచింది.

వెంటనే 5 అడుగుల వెడల్పుగల రెండంతస్తుల గాలిపటాన్ని తయారుచేశాడు. దాని నుండి నాలుగు తాళ్ళు కిందికి వచ్చి, విల్బర్ రెండు చేతులలో ఉన్న రెండు కర్రల కొసలకు ముడిపడి ఉండేవి. కర్రలను ఒకదానికొకటి వ్యతిరేక దిశలలో వంచితే రెక్కలు మెలి తిరిగి గాలిపటం ఒక పక్కకు ఒరిగేది. రెండింటినీ కలిపి ఒకే దిశలో వంచితే అది ముక్కు ఎత్తడమో దించడమో చేసేది. జూలై నెలాఖరులో దానిని ఎగురవేసినప్పుడు ఆర్విల్ ఊరిలో లేడు. కొందరు పిల్లలు మాత్రం చుట్టూ చేరి చూశారు. కర్రల కదలికకు గాలిపటం మారు పలకకుండా లొంగింది. అయితే ఒకసారి అది వేగంగా కిందికి దూకినప్పుడు తాళ్ళు వదులైపోయాయి. తాడు వదులైన మరుక్షణం అధికారం చేజారింది. గాలిపటం నేలవైపు దూసుకురాగా పిల్లలు బోర్లాపడి తల దాచుకొన్నారు.

గాలిపటానికి సూత్రం కట్టడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అది పల్టీలు కొడుతుందని సంక్రాంతినాడు మన పిల్లలందరికీ అనుభవమే. నేడు రేడియో తరంగాలతో నడిచే చిన్న విమాన నమూనాలను తయారుచేసే ఔత్సాహికులు కూడా ఈ పాఠాన్నే మొదట నేర్చుకోవలసి ఉంటుంది. ఆ నమూనాలలో సర్వో అనే చిన్న మోటారు ఒక చేతిని తిప్పుతుంది. ఆ చేతినుండి సన్నని ఉక్కు కడ్డీ బయలుదేరి, చుక్కానికి అమర్చిన చిన్న కొమ్ముకు తగులుకొంటుంది. కడ్డీని కొమ్ముకు పైగా ఉన్న రంధ్రంలో తగిలిస్తే చుక్కాని తక్కువగా కదులుతుంది, కానీ బలంగా కదులుతుంది. మొదలుకు దగ్గరగా తగిలిస్తే ఎక్కువగా కదులుతుంది, బలం తగ్గుతుంది. కడ్డీ మరీ సన్ననిదైతే నెట్టినప్పుడు విల్లువలె వంగి, కదలికను మధ్యలోనే మింగివేస్తుంది. కీలు దగ్గర వదులు ఉంటే వేగంలో చుక్కాని అదరసాగుతుంది. ఆ అదురు పెరిగి విమానాన్నే విరగ్గొట్టవచ్చు. విల్బర్‌కు సర్వో లేదు, రేడియో లేదు. ఉన్నవి తాడు, కర్ర, రెండు చేతులు. సమస్య మాత్రం ఇదే.

1900 సంవత్సరంలో అతడు ఆక్టేవ్ షనూట్ అనే అనుభవజ్ఞుడైన ఇంజనీరుకు ఉత్తరం వ్రాసి స్నేహం సంపాదించాడు. గాలులు బలంగా వీచే ప్రదేశం కోసం వాతావరణ శాఖ లెక్కలు పరిశీలించి, ఉత్తర కరోలినా తీరంలోని కిట్టీ హాక్ అనే కుగ్రామాన్ని ఎన్నుకొన్నాడు. ఇసుక దిబ్బలు, సముద్రపు గాలి, దోమలు తప్ప అక్కడ మరేమీ లేవు. ఆ ఊరి టేట్ దంపతులు అతనికి ఆశ్రయమిచ్చారు. గ్లైడరు గుడ్డను అతడు వారి ఇంట్లోని కుట్టుమిషను మీదనే సరిచేసుకొన్నాడు. ఆర్విల్ కూడా వచ్చి చేరాడు. 17 అడుగుల ఆ గ్లైడరును వారు ఎక్కువగా గాలిపటంవలె ఎగురవేసి, కిందనుండి తాళ్ళతో అదుపుచేస్తూ పరీక్షించారు. మనిషి ఎక్కి ఎగిరింది కొద్ది నిమిషాలే. పరీక్షలు ముగిసిన తరువాత గ్లైడరును అక్కడే వదిలివేయగా, టేట్ గృహిణి దాని రెక్కల గుడ్డతో తన ఆడపిల్లలకు గౌనులు కుట్టింది.

1901లో మరింత పెద్ద గ్లైడరుతో వచ్చినప్పుడు నిరాశే ఎదురైంది. లెక్కల ప్రకారం లభించవలసిన ఉత్థాపక శక్తిలో మూడవవంతు మాత్రమే లభించింది. అంతకన్నా కలవరపరచిన విషయం మరొకటి ఉన్నది. రెక్కలను మెలితిప్పినప్పుడు యంత్రం ఒక్కొక్కసారి అనుకొన్న దిశకు కాక వ్యతిరేక దిశకు తిరగబోయింది. అంటే తన ఆలోచనకు పునాదియైన సూత్రమే శంకకు లోనైంది. డేటన్‌కు తిరిగి వస్తూ విల్బర్ తాము బ్రతికి ఉండగా మనిషి ఎగరడం జరగదని తమ్మునితో చెప్పాడు.

ఆ నిస్పృహ ఎక్కువకాలం నిలవలేదు. లెక్కలు తప్పాయంటే లెక్కల మూలంలోనే దోషం ఉండాలి. పద్ధెనిమిదవ శతాబ్ది నుండి అందరూ వాడుతున్న వాయుపీడన గుణకం 0.005 అన్నది అసలు విలువ కంటే చాలా ఎక్కువని అన్నదమ్ములు కనుగొన్నారు. వారికి లభించిన విలువ 0.0033. దుకాణం మేడమీద 6 అడుగుల పొడవుగల చెక్క వాయుసొరంగాన్ని నిర్మించారు. రంపపు బ్లేడు ముక్కలతో, సైకిలు చువ్వల తీగతో సున్నితమైన తక్కెడలు తయారుచేశారు. 1901 చివరి నెలలలో దాదాపు 200 రకాల చిన్న రెక్కలను అందులో పరీక్షించారు. ప్రభుత్వ ధనం కాని, విశ్వవిద్యాలయ సహాయం కాని లేకుండా ఇద్దరు సైకిలు వ్యాపారులు సంపాదించిన ఆ పట్టికలకు సాటిరాగలవి ఆనాడు ప్రపంచంలో మరెవ్వరి దగ్గరా లేవు.

1902 గ్లైడరు రెక్కలు 32 అడుగులు. దానిలో పైలట్ బోర్లా పడుకొని ఉంటాడు. అతని నడుము ఒక చెక్క ఊయలలో ఇమిడి ఉంటుంది. నడుమును ఎడమకు జరిపితే ఊయలకు కట్టిన తీగలు కప్పీల మీదుగా ప్రయాణించి కుడి రెక్కల వెనుక అంచును కిందికి లాగుతాయి. దానికి అనుసంధానమైన మరొక తీగ ఎడమ రెక్కల అంచును పైకి లేపుతుంది. ఎక్కువ కోణం గల కుడి రెక్క లేస్తుంది, యంత్రం ఎడమకు ఒరుగుతుంది. ఇంతకుముందు ఈ పనిని పాదాలతో చేసేవారు. సైకిలుమీద మనిషి ఒరిగినంత సహజంగా ఉండాలని విల్బర్ దానిని నడుముకు మార్చాడు. చేతులు ముందు చుక్కాని మీటకు మిగిలాయి. ఎత్తు పల్లాలను నిర్ణయించే ఆ చుక్కానినే నేడు ఎలివేటరు అంటున్నారు.

వెనుక కొత్తగా రెండు నిలువు పలకలు కదలకుండా బిగించారు. అయినా కొన్నిసార్లు యంత్రం వాలిన రెక్క వైపు జారి, గిరగిర తిరుగుతూ ఇసుకలో దిగబడేది. వారు దానికి బావి తవ్వడం అని పేరు పెట్టారు. కారణం సూక్ష్మమైనది. ఎక్కువ కోణం గల రెక్క పైకి లేవడంతోపాటు గాలిని ఎక్కువగా ఎదుర్కొని వెనుకబడుతుంది. యంత్రం పక్కకు జారినప్పుడు బిగించిన పలకలకు గాలి తగిలి, తిరుగుడు మరింత పెరుగుతుంది. అక్టోబరులో ఒక రాత్రి, కాఫీ ఎక్కువగా త్రాగడంవల్ల నిద్రపట్టని ఆర్విల్‌కు ఆ పలకలను కదిలే చుక్కానిగా మార్చాలన్న ఆలోచన కలిగింది. ఉదయం ఫలహార సమయంలో చెప్పబోతూ, అన్నయ్య తప్పక ఆక్షేపిస్తాడని పక్కనే ఉన్న లోరిన్‌కు కన్నుగీటాడు. విల్బర్ ఆక్షేపించలేదు. కాసేపు ఆలోచించి, ఆ చుక్కాని తీగలను కూడా నడుము ఊయలకే కలిపివేద్దామన్నాడు. పడుకొని ఉన్న పైలట్‌కు మరొక మీట భారం కాకుండా, రెక్కలు మెలి తిరిగినప్పుడల్లా చుక్కాని తగినంతగా దానంతట అదే తిరుగుతుంది. ఈ ఇద్దరిలో ఎవరి వాటా ఎంత అన్న చర్చ నేటికీ సాగుతూనే ఉన్నది కాని, ఆ ఉదయం జరిగినదానిని చూస్తే ఆ విభజనకు అర్థం కనిపించదు. ఆ శరదృతువులో వారు వందలాదిసార్లు ఎగిరారు. అన్నింటిలో దీర్ఘమైనది 622 అడుగుల పైచిలుకు.

ఇక మిగిలింది ఇంజను. దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాలలో 12 అశ్వశక్తుల ఇంజనును తయారుచేశాడు. ప్రొపెల్లరు కూడా ఒక విధమైన రెక్కయే అని గ్రహించి అన్నదమ్ములు దానిని రూపొందించారు. ఇంజను పైలట్‌కు కుడిపక్కన ఉండి అతనికంటె బరువైనది కావడంవల్ల కుడి రెక్కలను 4 అంగుళాలు పొడవు చేశారు. 1903 డిసెంబరు 14న నాణెం ఎగురవేయగా మొదటి అవకాశం విల్బర్‌కు దక్కింది. అతడు ముందు చుక్కానిని అవసరానికి మించి ఎత్తడంతో యంత్రం మూడున్నర సెకన్లలోనే నేలకు దిగి కొంత దెబ్బతిన్నది. 17వ తేదీ ఉదయం 10 గంటల 35 నిమిషాలకు ఆర్విల్ వంతు వచ్చింది. 12 సెకన్లలో 120 అడుగులు. ఆనాడే నాలుగవసారి విల్బర్ 59 సెకన్లపాటు 852 అడుగులు ప్రయాణించాడు. ముందు చుక్కాని ఇరుసు పలక మధ్యభాగానికి మరీ దగ్గరగా ఉండడంవల్ల, కొద్దిగా కదిపితే చాలు అది తనంతట తానే పూర్తిగా తిరిగిపోయేది. అందుచేత యంత్రం అలలవలె ఎగిసి పడింది. చరిత్రలో నిలిచిన ఆ విమానానికి అదుపు ఇంకా పూర్తిగా కుదరలేదన్నమాట. కొద్దిసేపటికే ఒక పెనుగాలి వచ్చి దానిని బోర్లాపడవేసింది. మళ్ళీ అది ఎన్నడూ ఎగరలేదు.

తరువాతి రెండేళ్ళు డేటన్ సమీపంలోని హఫ్‌మన్ ప్రెయిరీ అనే పశువుల మేత బీడులో గడిచాయి. 1904 సెప్టెంబరు 20న విల్బర్ తొలిసారి గాలిలో పూర్తి వలయం చుట్టివచ్చాడు. 1905 జూలైలో ఆర్విల్ యంత్రంతోపాటు నేలకు గుద్దుకొని అదృష్టవశాత్తు బ్రతికాడు. ఆ తరువాత వారు ముందు చుక్కానిని పెద్దది చేసి, మరింత ముందుకు జరిపారు. 1902లో ముచ్చటపడి కలిపిన తీగను కూడా ఆ సంవత్సరమే విడదీశారు. చుక్కానికి ప్రత్యేకంగా మీట అమర్చారు. ఎందుకంటే అన్ని మలుపులకూ ఒకే పాళ్ళు సరిపోవు. తాము కనిపెట్టినదానిని తామే తొలగించుకోవడానికి వారు వెనుకాడలేదు. నేటి రేడియో నమూనాలలో ఈ కలపడం, విడదీయడం చేతిలోని పెట్టెమీద ఒక మీటతో జరిగిపోతుంది. అక్టోబరు 5న విల్బర్ 39 నిమిషాలలో 24 మైళ్ళు తిరిగాడు. దించవలసి వచ్చింది ఇంధనం అయిపోవడంవల్లనే. 1906 మే 22న వారికి అమెరికా ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. అందులో ఇంజను ప్రసక్తి లేదు. ఉన్నది అదుపు పద్ధతి మాత్రమే.

అయినా లోకం నమ్మలేదు. ముఖ్యంగా ఫ్రాన్సులోని పత్రికలు వారిని ఎగతాళి చేశాయి. 1908లో విల్బర్ స్వయంగా అక్కడికి వెళ్ళాడు. అప్పటికి పైలట్ కూర్చొని నడిపేవిధంగా మీటలను మార్చారు. పాత అలవాటు చేతులను అంత త్వరగా వదలదు. మే 14న కిట్టీ హాక్ వద్ద సాధన చేస్తూ విల్బర్ కొత్త మీటను పొరపాటున మరోవైపు కదిపి, యంత్రంతో సహా ఇసుకలో పడ్డాడు. లె మాన్స్ నగరంలో పెట్టెలు విప్పి చూస్తే కస్టమ్స్ తనిఖీలో అనేక భాగాలు పాడై ఉన్నాయి. సుమారు రెండు నెలలు తన చేతులతోనే వాటిని బాగుచేసుకొన్నాడు. మధ్యలో ఇంజను గొట్టం ఊడి మరిగే నీరు చేతిమీద చిమ్మింది. రాత్రులు యంత్రం పక్కనే షెడ్డులో పడుకొనేవాడు. ఆగస్టు 8న గుర్రపు పందేల మైదానంలో రెండు నిమిషాలకన్న తక్కువసేపు ఎగిరాడు. కాని ఎంతో సునాయాసంగా ఒరిగి, మలుపు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి దిగాడు. ఫ్రెంచి వైమానికులు బల్లపరుపుగా, భయంభయంగా తిరిగే రోజులవి. వారికి ఆ రెండు వలయాలు చాలు. పరిహాసం ఆనాటితో ఆగిపోయింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. సెప్టెంబరు 17న అమెరికాలోని ఫోర్ట్ మయర్ సైనిక స్థావరంలో ఆర్విల్ నడుపుతున్న విమానం కూలింది. ప్రొపెల్లరు ఒకటి పగిలి, అదురుతూ వెనుక చుక్కానిని నిలిపి ఉంచే తీగకు తగిలింది. తీగ సడలింది, చుక్కాని పక్కకు ఒరిగిపోయింది. మీటలు ఎంత కదిపినా ఫలితం లేకపోయింది. ప్రక్కన కూర్చొన్న సైనికాధికారి లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్‌రిడ్జ్ మరణించాడు. ఇంజను గల విమానం కూలి ప్రాణం కోల్పోయిన మొదటి వ్యక్తి అతడే. ఆర్విల్‌కు తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. చెల్లెలు కేథరిన్ ఉపాధ్యాయ వృత్తికి సెలవు పెట్టి వచ్చి అతనికి పరిచర్య చేసింది. సముద్రానికి ఆవల ఉన్న విల్బర్ కుమిలిపోయాడు. తాను దగ్గర ఉంటే సందర్శకుల తాకిడిని తాను భరించి, తమ్ముడు ప్రతి భాగాన్నీ ప్రశాంతంగా పరీక్షించుకొనే వీలు కల్పించేవాడినని బాధపడ్డాడు. నాలుగు రోజుల తరువాత మళ్ళీ విమానం ఎక్కి గంటన్నర సేపు ఎగిరాడు. ఆ సంవత్సరం చివరి రోజున గడ్డకట్టే చలిలో 2 గంటల 20 నిమిషాలు ఎగిరి మిషెలిన్ బహుమతిని గెలుచుకొన్నాడు.

1909లో విజయయాత్రలు సాగాయి. సెప్టెంబరు 29న న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా విగ్రహాన్ని చుట్టివచ్చాడు. అక్టోబరు 4న హడ్సన్ నది మీదుగా 33 నిమిషాలు ప్రయాణించాడు. నీటిలో పడితే తేలడానికి విమానం అడుగున ఒక చిన్న పడవను కట్టుకొన్నాడు. ప్రమాదం జరిగితే ఇద్దరూ ఒకేసారి పోకూడదన్న ఉద్దేశంతో అన్నదమ్ములు కలిసి ఎగిరేవారు కారు. 1910 మే 25న ఒక్కసారి మాత్రం తండ్రి అనుమతితో ఆ నియమాన్ని సడలించారు. అదే రోజు 81 ఏళ్ళ తండ్రిని కూడా ఆర్విల్ విమానంలో తిప్పాడు. ఇంకా పైకి పోనిమ్మని ముసలాయన కుమారుని తొందరపెట్టాడట.

అటు తరువాతి కాలం న్యాయస్థానాలలో గడిచిపోయింది. గ్లెన్ కర్టిస్ మొదలైనవారు రెక్కలను మెలితిప్పడానికి బదులు, రెక్కల చివర కీళ్ళతో కదిలే చిన్న పలకలను అమర్చారు. అవే నేడు ఎయిలెరాన్లు అనబడుతున్నాయి. రెండు రెక్కల కోణాలను భిన్నంగా మార్చడమన్న మూలసూత్రం తమదే అని రైట్ సోదరులు వాదించారు. వాదం న్యాయమైనదే కావచ్చు. 1914లో తీర్పు వారి పక్షానే వచ్చింది. కాని దానికి చెల్లించిన మూల్యం పెద్దది. ధనాశ ఎక్కువైందని షనూట్ భావించడంతో పదేళ్ళ మైత్రి చెడింది. మనసులు పూర్తిగా కలవకముందే 1910 నవంబరులో ఆయన మరణించాడు. కొత్త ప్రయోగాలు చేయవలసిన విల్బర్ సాక్ష్యాలు చెబుతూ, న్యాయవాదులకు ఉత్తరాలు వ్రాస్తూ ఊరూరా తిరిగాడు. 1912 ఏప్రిల్‌లో అటువంటి ప్రయాణంలోనే బోస్టన్ నగరంలో జబ్బుపడ్డాడు. అది టైఫాయిడ్ అని తేలింది. పదహారేళ్ళ క్రితం తమ్ముని నుండి తొలగిన వ్యాధి అన్నను వదలలేదు. మే 30వ తేదీన, 45 ఏళ్ళ వయస్సులో, తండ్రి ఇంట్లోనే విల్బర్ కన్నుమూశాడు. అతడు వివాహం చేసుకోలేదు. స్మిత్‌సోనియన్ సంస్థకు ఆ ఉత్తరం వ్రాసి ఆ రోజుకు సరిగ్గా 13 ఏళ్ళు.

ఆ సంస్థే చాలాకాలం రైట్ సోదరుల ప్రాథమ్యాన్ని ఒప్పుకోవడానికి నిరాకరించింది. తమ పూర్వ కార్యదర్శి లాంగ్లీ నిర్మించిన యంత్రానికే ఎగరగల శక్తి ముందుగా ఉన్నదని వాదించింది. మనస్తాపం చెందిన ఆర్విల్ 1928లో తమ తొలి విమానాన్ని లండన్‌లోని సైన్సు మ్యూజియానికి పంపివేశాడు. 1942లో సంస్థ తన మాటను ఉపసంహరించుకొన్నది. ఆర్విల్ 1948 జనవరి 30న మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరు 17న, తొలి ప్రయాణానికి 45 ఏళ్ళు నిండిన నాడు, ఆ విమానాన్ని నడుము ఊయలతో, కప్పీలతో, తీగలతో సహా వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో వేలాడదీశారు.